హనుమకొండ నుంచి ఎండాకాలం చెరువులకు, జలపాతాలకు ఒక్కరోజు ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

మేం ఉండేది హనుమకొండలో. ఏప్రిల్ నెలాఖరులో బడులకు సెలవులు ఇవ్వగానే మా ఆడపడుచు పిల్లలు, మా తమ్ముడి పిల్లలు మా ఇంటికి చేరతారు. జూన్ 12న మళ్ళీ బడి తెరిచేదాకా ఇల్లంతా సందడే. ఆ నెలన్నరలో కనీసం మూడుసార్లయినా అందరం కలిసి ఏదో ఒక నీటి ఒడ్డుకు పోతాం. దాంతో చుట్టాలూ, పక్కింటివాళ్ళూ "వదినా, మేమూ పోదామనుకుంటున్నం, ఎటు పోతే బాగుంటది?" అని ఫోన్ చేస్తుంటారు. ఎక్కువమంది అడిగేవి, అడగకపోయినా నేను తప్పకుండా చెప్పేవి ఇక్కడ రాస్తున్నాను.

ప్రశ్న: మే నెలలో బొగత జలపాతానికి పోవచ్చా?

పోవచ్చు గానీ, ఫోటోల్లో చూసిన బొగత అప్పుడు కనిపించదు. ఆ ఫోటోలన్నీ వానాకాలంలో తీసినవి. వాజేడు మండలంలో చీకుపల్లి వాగు మీద ఉన్న ఈ జలపాతం జూలై నుంచి అక్టోబర్ దాకా నిండుగా దూకుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ధార సన్నబడి నీళ్ళకంటే బండలే ఎక్కువ కనిపిస్తాయి. హనుమకొండ నుంచి సుమారు 140 కిలోమీటర్లు. ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన మీదుగా పోవాలి. అంత ఎండలో, అంత దూరం పిల్లల్ని తీసుకుపోయి ఎండిన బండల్ని చూపిస్తే వాళ్ళ ముఖాలు చిన్నబోతాయి. గూడూరు దగ్గరి భీముని పాదం జలపాతం కూడా అంతే. వాన పడితేనే దానికి అందం. అందుకే మా ఇంట్లో లెక్క ఒకటే: ఎండాకాలం చెరువులు, వానాకాలం జలపాతాలు.

ప్రశ్న: అయితే ఎండాకాలంలో ఏ చెరువుకు పోవాలి?

మన అదృష్టం కొద్దీ కాకతీయులు కట్టిన మూడు పెద్ద చెరువులు ఒక్కరోజులో పోయి వచ్చేంత దూరంలోనే ఉన్నాయి. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి కట్టల మీద నిలబడి, వాటి కింద ఇప్పటికీ పండుతున్న వరి పొలాలను పిల్లలకు చూపించవచ్చు. నాకైతే ఆ ఒక్క దృశ్యం కోసమే పోవాలనిపిస్తుంది.

పాకాల మనకు దగ్గర. నర్సంపేట మీదుగా యాభై కిలోమీటర్ల పైచిలుకు. గణపతిదేవుని కాలంలో కట్టింది. చుట్టూ అభయారణ్యం, దూరంగా గుట్టలు. చిన్నపిల్లలున్న ఇంటికి మొదటి ప్రయాణంగా నేను దీన్నే చెబుతాను, ఎందుకంటే పొద్దున పోయి మధ్యాహ్నం భోజనం వేళకు ఇంటికి వచ్చేయొచ్చు. మున్నేరు పుట్టేది ఇక్కడే. మా ఆడపడుచు వాళ్ళది ఖమ్మం. "మీ ఊరి మున్నేరు ఇక్కడే మొదలైతది" అని చెబితే వాళ్ళ పాప ఎంతసేపు నీళ్ళకేసి చూసిందో!

లక్నవరం సుమారు 75 కిలోమీటర్లు. ములుగు దాటి గోవిందరావుపేట మండలంలో, బుస్సాపూర్ దగ్గర పెద్ద రోడ్డు దిగి లోపలికి పోవాలి. ఈ చెరువుకు పొడవాటి కట్ట లేదు. గుట్టల మధ్య ఉన్న సందుల్ని చిన్న చిన్న కట్టలతో మూసేశారు, మిగతా గోడ పని గుట్టలే చేస్తున్నాయి. నీళ్ళ మధ్య దీవులు, దీవికి పోవడానికి వేలాడే వంతెన. పిల్లలకు ఆ వంతెన ఊగడం కంటే గొప్ప సంబరం ఇంకొకటి ఉండదు. సెలవుల్లో ఆదివారం మాత్రం జనం విపరీతం. వీలైతే మంగళవారమో, బుధవారమో పోండి.

మూడోది పాలంపేటలోని రామప్ప, 70 కిలోమీటర్ల లోపే. ఇక్కడ గుడి, చెరువు రెండూ చూడొచ్చు. గుడి 1213లో రేచర్ల రుద్రుడు కట్టించినది, 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ముందు గుడికి పోండి, తర్వాత చెరువుకు. తిరగేసి పోతే పది గంటల తర్వాత గుడి ఆవరణలో రాళ్ళు కాలి, చెప్పుల్లేకుండా అడుగు వేయలేరు. పిల్లలకు సంచిలో ఒక జత సాక్సులు పెట్టుకోండి.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇవి సాగు చెరువులు. యాసంగి వరికి నీళ్ళు వదిలాక ఏప్రిల్ చివరికి మట్టం బాగా తగ్గుతుంది. రామప్పకు దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి నీళ్ళు వస్తాయి కాబట్టి కొంత మెరుగు. నిండుగా చూడాలనుకుంటే సెలవులు మొదలైన వారంలోనే పోండి, మే చివరిదాకా ఆగకండి.

ప్రశ్న: ఎన్ని గంటలకు బయల్దేరాలి?

ఐదింటికి. ఐదున్నర దాటితే ఆ రోజు ప్రయాణం మానుకోవడమే మంచిదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఏడు గంటలకల్లా చెరువు కట్ట మీద ఉంటే మూడు గంటలు హాయిగా తిరగొచ్చు. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ మొద్దుల మీద కూర్చుంటాయి, చేపలు పట్టేవాళ్ళు తెప్పల మీద వలలు తీస్తుంటారు, గాలి చల్లగా వీస్తుంది. పదిన్నర అయ్యేసరికి అదే కట్ట పెనంలా మారుతుంది. పదకొండు నుంచి నాలుగు దాకా నీడపట్టున ఉండాలి, లేదా ఇంటిదారి పట్టాలి. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. మే 25 తర్వాత ఆ రెండు వారాలూ మేం అసలు ఎటూ పోము.

ప్రశ్న: అడవిలోనే కదా, నీడ ఉండదా?

చాలామంది పొరబడేది ఇక్కడే. మన అడవుల్లో టేకు ఎక్కువ. టేకు ఎండాకాలంలో ఆకు రాల్చేస్తుంది. మే నెలలో ఆ చెట్ల కింద నిలబడితే నెత్తిన కొమ్మల గీతలు పడతాయి తప్ప నీడ పడదు. మర్రి, చింత, మామిడి, కానుగ లాంటి చెట్టు కనిపిస్తే అక్కడే చాప పరచండి. టోపీ కంటే తడిపిన కాటన్ తువాలు నయం. తలకు చుట్టుకుని, ఆరిన కొద్దీ తడుపుతూ ఉండాలి.

ప్రశ్న: తినడానికి ఏం తీసుకుపోవాలి?

పొద్దున తిండికి పులిహోర, మధ్యాహ్నానికి పెరుగన్నం. పెరుగన్నంలో పాలు ఎక్కువ, పెరుగు తక్కువ వేసి కలిపితే పన్నెండింటికి కూడా పులవదు. పక్కన మామిడికాయ పచ్చడి, ఉల్లిపాయ. సర్వపిండి రెండు రోజులైనా చెడదు, పిల్లల చేతికి ఇవ్వడానికి తేలిక. గుడ్లు, మాంసం కూరలు ఎండలో త్వరగా పాడవుతాయి, వద్దు. తోవలో తాటి ముంజలు, తునికి పండ్లు అమ్ముతుంటారు. తప్పకుండా కొనండి, పిల్లలకు తినడం నేర్పండి. ముంజను బొటనవేలితో పొడిచి, కారే నీటిని ముందు జుర్రుకోవాలి. మా వాడు మొదటిసారి చొక్కా అంతా తడుపుకున్నాడు.

నీళ్ళు మనిషికి మూడు లీటర్లకు తగ్గకుండా. ఇరవై లీటర్ల క్యాన్ ఒకటి కారులో పెట్టుకోండి. అది కాక ఒక సీసాలో ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ.

రామప్ప దగ్గర కోతులున్నాయి. సంచి విప్పి పెట్టి ఫోటోలకు పోకండి.

ప్రశ్న: అక్కడే వండుకుంటే బాగుంటుంది కదా?

వద్దు. ఎండాకాలంలో అడవి నేలంతా ఎండిన ఆకులే. ఒక్క నిప్పురవ్వ చాలు. పైగా అభయారణ్యంలో నిప్పు రాజేయడం నేరం. ఇంటి దగ్గరే వండుకుని, తిన్న తర్వాత విస్తర్లూ, కవర్లూ మళ్ళీ కారులోనే ఇంటికి తెచ్చుకోండి. జింకలూ, పశువులూ ఉప్పు రుచికి ఆ ప్లాస్టిక్ కవర్లను నమిలేస్తాయి.

ప్రశ్న: పిల్లలు నీళ్ళలోకి దిగుతామని ఏడుస్తారు. చీలమండల దాకా అయితే పర్వాలేదా?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, కాబట్టి వివరంగా చెబుతాను.

కొన్నేళ్ళ కిందట మే నెలలో చుట్టాల ఊరికి పోయి, సాయంత్రం వాళ్ళ ఊరి చెరువు ఒడ్డున కూర్చున్నాం. నీళ్ళు తగ్గిపోయి, ఒడ్డున పిల్లలకు చీలమండలు కూడా మునగడం లేదు. పెద్దవాళ్ళం నలుగురం అక్కడే ఉన్నాం, మాట్లాడుకుంటున్నాం. మా చిన్నోడి చెప్పు ఒకటి నీళ్ళ మీద తేలిపోతోంది. నీలం రంగు రబ్బరు చెప్పు. వాడు దాని వెనక నాలుగడుగులు వేశాడు. మూడో అడుగుకు మోకాలు, నాలుగో అడుగుకు మనిషే లేడు. కేక లేదు, చప్పుడు లేదు. చెప్పు అక్కడే తేలుతోంది. మా మరిది పరుగున పోయి జుట్టు పట్టి లాగాడు. మొత్తం పది సెకన్లు కూడా అయి ఉండదు. వాడు దగ్గి, వాంతి చేసుకుని, ఏడవడం మొదలుపెట్టాకే మాకు ఊపిరి అందింది. ఇప్పటికీ ఆ రంగు చెప్పు చూస్తే నాకు గుండె దడ వస్తుంది.

అక్కడ ఎప్పుడో పొలాలకు మట్టి కోసం తవ్విన గుంత ఉంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలోనూ, అంతకు ముందూ తర్వాతా కూడా మన చెరువుల్లో పూడిక మట్టి తీశారు. మట్టి తీయడం చెరువుకు మంచిదే. కానీ ఆ గుంతలు నీళ్ళ కింద కనిపించవు. ఒక అడుగు లోతు పక్కనే పది అడుగుల లోతు ఉండొచ్చు. ఎండాకాలంలో నీళ్ళు తగ్గి ఒడ్డు దూరం జరిగినప్పుడు మనం ఆ గుంతల పక్కకే పోయి నిలబడతాం. అడుగున ఒండ్రు ఉంటే కాలు దిగబడిపోతుంది, పైకి రాదు. పాకాలలో అయితే మొసళ్ళు కూడా ఉన్నాయి.

అందుకని చెరువులో దిగడం లేదు, అంతే. ఏడ్చినా సరే. ఒడ్డున బకెట్టుతో నీళ్ళు తెచ్చి పోయండి, పిచికారీ ఇవ్వండి, తువాలు తడిపి ఒకరి మీద ఒకరు పిండుకోమనండి. ఆ ఆటలోనే వాళ్ళకు గంట గడిచిపోతుంది. బయల్దేరేముందు ఇంట్లోనే ఒక మాట అనుకోండి: చెప్పు పోయినా, బంతి పోయినా, ఫోన్ పోయినా ఎవరూ వెనక పోకూడదు. ఇంకోటి, "అందరం చూస్తున్నాం" అంటే ఎవరూ చూడటం లేదని అర్థం. అరగంటకొకరు చొప్పున పెద్దవాళ్ళు వంతులు వేసుకోండి. వంతు మీద ఉన్నవాళ్ళ చేతిలో ఫోన్ ఉండకూడదు.

ప్రశ్న: మా వారికి ఈత బాగా వచ్చు. ఆయన దిగొచ్చా?

బావిలో నేర్చిన ఈత వేరు. చెరువులో తీగలు, పాత వలలు కాళ్ళకు చుట్టుకుంటాయి. జలపాతం కింద మడుగులో సుడి లోపలికి లాగుతుంది, పైగా బండల మీద పాచి. బొగత మడుగులో మునిగి పోయినవాళ్ళలో ఈత వచ్చిన కుర్రవాళ్ళూ ఉన్నారు. తండ్రి దిగితే పిల్లలు ఆగరు కూడా.

ప్రశ్న: ఎవరైనా నీళ్ళలో పడితే ఏం చేయాలి?

వెంటనే దూకకండి. ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు ప్రతి ఎండాకాలం చదువుతూనే ఉన్నాం. చీర, చున్నీ, తాడు, పొడవాటి కర్ర, ఏది ఉంటే అది అందించండి. ఖాళీ నీళ్ళ క్యాన్‌కు మూత బిగించి విసిరితే దాన్ని పట్టుకుని తేలవచ్చు. మా కారులో పదిహేను మీటర్ల నైలాన్ తాడు ఎప్పుడూ ఉంటుంది.

బయటకు తీశాక తలకిందులుగా పట్టి తిప్పడం, పొట్ట నొక్కడం చేయకూడదు. ఊపిరి ఆడుతోందా చూడండి. ఆడకపోతే 108కి ఫోన్ చేయమని పక్కవాళ్ళకు చెప్పి, ముక్కు మూసి నోట్లో ఊపిరి ఊదాలి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు వేగంతో గట్టిగా నొక్కాలి. సాయం వచ్చేదాకా ఆపకూడదు. తేరుకుని బాగానే ఉన్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకుపోవాలి. మేమూ ఆ రాత్రే తీసుకుపోయాం.

ప్రశ్న: బోటు ఎక్కొచ్చా?

లైఫ్ జాకెట్ అందరికీ ఇస్తేనే ఎక్కండి. చిన్నపిల్లలకు వాళ్ళ సైజుది ఉండాలి. పెద్దవాళ్ళ జాకెట్ వేస్తే పిల్లలు కిందికి జారిపోతారు. సరిపడేది లేదంటే టికెట్ డబ్బులు పోయినా దిగిపోండి. ఈదురుగాలి మొదలైతే బోటు వద్దు.

ప్రశ్న: ఎండ దెబ్బ తగిలిందని ఎలా తెలుస్తుంది?

ముందు తలనొప్పి, వికారం, నీరసం. అప్పుడే నీడకు చేర్చి ఓఆర్‌ఎస్ తాగించాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా మీద కుప్పగా కాక అంచుకు సమంగా కొలిచి కలపండి. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడినా, పిలిస్తే సరిగా పలకకపోయినా అది వడదెబ్బ. టెన్షన్ పడి నోట్లో నీళ్ళు పోయకండి, స్పృహ లేని మనిషికి పొరబోతుంది. బట్టలు వదులు చేసి ఒళ్ళంతా తడిపి, మెడ మీదా చంకల్లో గజ్జల్లో తడి గుడ్డలు పెట్టి విసురుతూ 108 పిలవండి.

ప్రశ్న: అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు. ఆమెను తీసుకుపోవచ్చా?

తప్పకుండా. పాకాల కట్ట దాకా ఎక్కువ నడక లేదు. ఒక మడత కుర్చీ తీసుకుపోండి. మా అత్తమ్మ ఆ కుర్చీలో కూర్చుని, తన చిన్నప్పుడు మత్తడి దూకితే ఊరంతా బోనాలెత్తిన సంగతి పిల్లలకు చెబుతుంటే, ఆ రోజు ఎవరికీ ఫోన్ గుర్తు రాలేదు. బీపీ, షుగర్ మాత్రలు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి. ఇన్సులిన్ అయితే చల్లటి డబ్బాలో.

ప్రశ్న: అటు పోతూ మేడారం కూడా చూసి రావచ్చా?

ములుగు దారిలో గట్టమ్మ తల్లి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టకుండా ముందుకు పోయే ఇల్లు మన దగ్గర తక్కువే. మేడారం కూడా కలపాలంటే లక్నవరం ఒక్కటే పెట్టుకోండి, రామప్ప ఇంకోసారి. జాతర లేని రోజుల్లో సమ్మక్క సారలమ్మ గద్దెలు ప్రశాంతంగా ఉంటాయి. అక్కడ బంగారమని పిలిచే బెల్లం ఇచ్చి, మొక్కు తీర్చుకుని రావచ్చు. ముందు చెరువు, ఎండ ముదిరేలోగా గద్దెలు, తర్వాత తిరుగుదారి.

ప్రశ్న: మాకు కారు లేదు.

హనుమకొండ బస్టాండ్ నుంచి ములుగు, ఏటూరునాగారం, నర్సంపేట బస్సులున్నాయి. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్ళకు టికెట్ లేదు, ఆధార్ వెంట ఉంచుకోండి. అసలు ఖర్చు చివరి కొన్ని కిలోమీటర్ల ఆటోదే. ఎక్కేముందే రానుపోను మాట్లాడుకోండి, తిరుగు బస్సు సమయం కండక్టర్‌ను అడిగి రాసుకోండి.

ప్రశ్న: సిగ్నల్ ఉంటుందా?

ములుగు దాటాక వస్తూ పోతూ ఉంటుంది, తాడ్వాయి అడవిలో చాలాచోట్ల ఉండదు. ఫోన్‌తో డబ్బు కట్టొచ్చులే అనుకోకుండా చిల్లరతో సహా నోట్లు పెట్టుకోండి. పెట్రోలు ములుగులోనే నింపుకోండి. ఎటు పోతున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి బయల్దేరండి.

ప్రశ్న: జూన్‌లో తొలి వానలు పడగానే జలపాతానికి పోవచ్చా?

మృగశిర కార్తె రాగానే అందరికీ మనసు లాగుతుంది, నాకూ లాగుతుంది. కానీ రెండు మంచి వానలు పడితే సరిపోదు. నేల తాగాల్సింది తాగాక గానీ వాగులు పారవు. జూలై రెండో సగం దాకా ఆగండి. పోయేముందు మూడు రోజుల వాన సూచన చూడండి. భారీ వర్షాలు అని ఉంటే ఆ వారం మానేయండి. బొగతకు వరద ఎక్కువైనప్పుడు అటవీ సిబ్బంది లోపలికి పోనివ్వరు. వాళ్ళతో వాదించకండి.

2023 జూలై చివర్లో ఏమైందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ములుగు జిల్లాలోనే లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. తెలంగాణలో అంతకు ముందెన్నడూ అంత నమోదు కాలేదు. అదే రోజుల్లో వెంకటాపురం వైపు ముత్యాలధార జలపాతం చూడటానికి పోయిన పదుల మంది, తిరుగుదారిలో వాగు పొంగి అడవిలోనే చిక్కుకుపోయారు. సహాయ బృందాలు రాత్రి పోయి వాళ్ళను బయటకు తెచ్చాయి. పోయేటప్పుడు మోకాలి లోతు లేని వాగు, వచ్చేటప్పుడు మనిషిని మింగుతుంది. మన నెత్తిన చినుకు లేకపోయినా ఎగువన గుట్టల మీద వాన పడితే చాలు.

కాబట్టి జలపాతం దగ్గర నీళ్ళ రంగు చూస్తూ ఉండండి. తేటగా ఉన్న నీళ్ళు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, చప్పుడు పెరిగినా, ఫోటో మధ్యలో ఉన్నా సరే, పిల్లల చేయి పట్టుకుని ఎత్తుకు ఎక్కండి. రోడ్డు మీద నుంచి నీళ్ళు పారుతుంటే కారు దాటించకండి. ఉరిమితే చెట్టు కింద నిలబడకుండా కారులో కూర్చోండి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి ఇవన్నీ ఒక్కరోజులో అవుతాయా?

రామప్ప లేదా లక్నవరం, చీకటితో బయల్దేరితే అవుతుంది, కానీ పిల్లలు అలసిపోతారు. ముందురోజు సాయంత్రమే వచ్చి హనుమకొండలో చుట్టాలింట్లో పడుకోండి. బొగత మాత్రం ఒక్కరోజులో వద్దు. ఆదిలాబాద్ జిల్లా కుంటాల జలపాతం కూడా మాకు ఒక్కరోజు దూరం కాదు.

ప్రశ్న: చంటిపిల్లతో రావచ్చా?

ఏడాది నిండకపోతే మే నెలలో వద్దు. కాస్త పెద్దదైతే పాకాల వరకు, అదీ పదింటికల్లా తిరిగి బయల్దేరేలా.

ప్రశ్న: సాయంత్రం చూడాలంటే?

నాలుగున్నరకు చేరేలా పోండి. సూర్యుడు గుట్టల వెనక్కి దిగేటప్పుడు పాకాల నీళ్ళు కాసేపు రాగి బిందె రంగులో ఉంటాయి. అది చూశాక ఇంకో పది నిమిషాలు కూర్చోవాలనిపిస్తుంది గానీ, లేవండి. అడవి రోడ్డు మీద చీకటి పడితే అడవి పందులూ, పశువులూ అడ్డం వస్తాయి. దీపాలు పెట్టే వేళకు నర్సంపేట చేరితే, అక్కడ వేడి వేడి మిర్చి బజ్జీలు తిని నింపాదిగా ఇంటికి రావచ్చు.